రొయ్య మనల్ని బాగుచేసిందా, ముంచిందా? గ్లోబలైజేషన్ మీద విడిగా చర్చ

ఉండి_వర్మ | 11 అక్టోబర్ 2025, రాత్రి 9:20

అమెరికా సుంకాల థ్రెడ్డులో ఒకాయన "గ్లోబలైజేషన్ లేకపోతే భీమవరం ఇంకా వరికుప్పల దగ్గరే ఉండేది, ఇప్పుడు దెబ్బ తగిలిందని ఏడవడం దేనికి" అని ఒక్క ముక్క పడేసి వెళ్లిపోయారండి. అక్కడ మాట్లాడితే అసలు విషయం పక్కదారి పడుతుందని ఇక్కడ విడిగా మొదలెడుతున్నాను.

నాది ఉండి దగ్గర. సొంతం కొంత, లీజు కొంత, వనామీ రకం రొయ్య వేస్తాను. ఆయన మాట అబద్ధం కాదు. మా మేడ, మా అమ్మాయి ఇంజినీరింగు ఫీజు, రెండూ చెరువులోంచి వచ్చినవే. ఐతే ఈ ఏప్రిల్ సంగతి చూడండి. 2వ తారీఖున ట్రంపు అట్ట పట్టుకుని మన సరుకు మీద 26 శాతం సుంకం అన్నాడు. అప్పటికి అది ఇంకా అమల్లోకి రాలేదు. వారానికే తొంభై రోజులు ఆపారు కూడా. అయినా ఇక్కడ ఏజెంట్లు ఆ రెండు మూడు రోజుల్లోనే కిలోకి ముప్పై, నలభై రూపాయలు కోసేశారు.

పోనీ రేటు వచ్చేదాకా ఆగుదామా అంటే ఎలా ఆగుతామండి? రొయ్య చెరువులో ఉన్నన్నాళ్లూ మేత తింటది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. తెల్లవారుజామున కరెంటు పోయి జనరేటర్ అందుకోలేదా, రొయ్య చచ్చి తేలిపోద్ది, గట్టు మీద నిలబడి చూడ్డమే. ఈలోపు ఫలానా చెరువులో వైట్ స్పాట్ (తెల్లమచ్చ తెగులు) అంట అని చెవినపడితే చుట్టుపక్కలంతా ఒకేసారి పట్టుబడి పెట్టేస్తారు, అంటే రొయ్యలన్నీ పట్టి అమ్మేస్తారు, ఆ రోజు రేటు ఇంకా కిందకి. ప్లాంటువాళ్లకి కోల్డ్ స్టోరేజీ ఉంది, ఆగగలరు. లీజుకిచ్చిన ఆసామి డబ్బు ముందే తీసేసుకున్నాడు. ఆగలేనిది గట్టు మీదున్నవాడొక్కడే.

పుస్తకాల్లో లాభాలొక పక్క, నష్టాలొక పక్క రాస్తారు. ఆ రెండూ ఒకే మనిషికి రావట్లేదు, అదీ నా గొడవ. మీరేమంటారు?

---

డాక్స్_విశాఖ | 11 అక్టోబర్ 2025, రాత్రి 10:05

వర్మగారూ, ప్లాంటువాళ్లని విలన్లని చేసేశారు. నేను ఎక్స్‌పోర్ట్ కాగితాలు చూసే పనిలో ఉన్నాను. ఇటువైపు లెక్క కూడా వినండి.

మన సరుకు అమెరికాకి చాలావరకు డీడీపీ మీద వెళ్తుంది. అక్కడి గోడౌన్‌కి చేరేదాకా ఖర్చంతా, సుంకంతో సహా, అమ్మినవాడిదే. రేటు మాట్లాడుకునేది ఒకనాడు, కంటైనర్ ఓడెక్కేది ఇంకోనాడు, అది అక్కడ దిగేసరికి నెల దాటిపోతుంది. ఆగస్టు 7న 25 శాతం అన్నారు, 27న 50 చేశారు. పాత యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ సబ్సిడీకి విరుగుడుగా వేసేది) సుంకాలు కూడా కలిపితే 58 దాకా. రేటు కుదిరాక సుంకం ఇలా మారితే ఆ తేడా ఎవరు భరించాలి?

యాంటీ డంపింగ్‌లో ఇంకో తిరకాసుంది. సరుకు దిగేటప్పుడు కట్టేది డిపాజిట్టు మాత్రమే. అసలు రేటెంతో తర్వాత రివ్యూ చేసి తేలుస్తారు. ఎప్పుడో అమ్మేసి, రైతులకి డబ్బులిచ్చేసిన సరుకు మీద కొన్నాళ్లకి "ఇంకా ఇంత కట్టు" అని బిల్లు రావొచ్చు. ఇది చాలదన్నట్టు ఆ సుంకాలు మొదలైన రోజుల్లో రొయ్యలకి ప్రత్యేకంగా హామీ బాండు కూడా పెట్టమన్నారు. దాని మీద ఇండియా డబ్ల్యూటీవోకి (ప్రపంచ వాణిజ్య సంస్థ) వెళ్లి 2008లో గెలిచింది. గ్లోబలైజేషన్‌తో లాభమేంటని ఎవరైనా అడిగితే నేను ముందు ఇదే చెప్తాను: అమెరికాని కూడా బోనెక్కించే చోటు ఒకటి ఉండేది. 2019 డిసెంబరు నుంచి అక్కడి అప్పీలు బెంచీ మీద విచారణకి సరిపడా జడ్జీల్లేరు, కొత్తవాళ్లని వెయ్యనివ్వకుండా అమెరికాయే అడ్డుకుంది.

కాబట్టి ఏప్రిల్లో రేటు కోసింది ఒక్క ఆశతోనే కాదు సార్, భయం కూడా.

---

శేరిలింగంపల్లి_రవి | 11 అక్టోబర్ 2025, రాత్రి 10:31

అందరూ 1991 మర్చిపోయారు. డాలర్లు లేక 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టుకున్న దేశం మనది. పీవీ గారు తలుపులు తియ్యకపోతే హైటెక్ సిటీ ఎక్కడిది, మా ఉద్యోగాలెక్కడివి? ఒక పంటకి రేటు పడిందని మొత్తం వ్యవస్థని తిట్టడం న్యాయం కాదు. వనామీ ఏమైనా గోదావరి రొయ్యా? అది కూడా బయటి నుంచి వచ్చిందే.

---

మోడరేటర్ | 11 అక్టోబర్ 2025, రాత్రి 10:50

ఏ ప్రభుత్వం ఏం చేసిందన్న గొడవ ఇక్కడ వద్దు. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను. రొయ్య చుట్టూ మాట్లాడండి.

---

పాతటైగర్ | 12 అక్టోబర్ 2025, ఉదయం 6:12

రవి బాబూ, నీకు జీతం ఒకటో తారీఖున పడుద్ది. ఎంత పడుద్దో కూడా ముందే తెలుసు. అక్కడే తేడా.

నా పేరు చూస్తే తెలుస్తుంది కదా, మేం టైగర్ రొయ్య కాలం వాళ్లం. 90ల మొదట్లో మా సరుకు ఎక్కువగా జపానుకి పోయేది. అప్పుడు తల్లిరొయ్యని సముద్రంలోంచే పట్టాలి. కాకినాడ, విశాఖ హార్బర్లలో బోటు రావడం ఆలస్యం, రొయ్య పిల్లలు తీసే హేచరీవాళ్లు పోటీలు పడి పాట పాడేవాళ్లు. మా ఊళ్లో బ్యాంకు మేనేజరు స్కూటరేసుకుని గట్టుకే వచ్చి అప్పిచ్చాడు. అప్పటిదాకా అప్పు కోసం మేం ఆయన గుమ్మం ముందు పడిగాపులు కాసేవాళ్లం.

94లో తెల్లమచ్చ దిగింది. రొయ్య తలపెంకు ఊడదీసి వెలుతురుకి పట్టి చూస్తే లోపల సున్నపు చుక్కల్లా కనపడేవి. అవి కనపడ్డాయంటే ఇక లెక్క రోజుల్లోనే, చెరువు చెరువంతా గట్టుకొచ్చి చేరేది. ఆ వైరస్సు కూడా తూర్పు ఆసియా నుంచి వచ్చిందే. మార్కెట్టు వచ్చిన దారినే తెగులూ వచ్చింది. దానికి తోడు 96 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు, తీరం నుంచి ఇంత దూరంలోపు ఆధునిక చెరువులు ఉండకూడదని. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ చట్టం వచ్చేదాకా ఊళ్లో ఎవరి చెరువు ఉంటదో, ఎవరిది పోతదో తెలియని బతుకు. నా తోటివాళ్లలో కొందరు చెరువులు పూడ్చి మళ్లీ వరికెళ్లారు. ఉప్పు తిన్న నేలలో ఏం పండుద్ది?

2009లో వనామీకి అనుమతిచ్చారు. రవి బాబు అన్నది నిజం, అది మన రొయ్య కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. తెగులు లేని తల్లిరొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో చెన్నై వస్తాయి. అక్కడ క్వారంటైన్లో పెట్టి, పరీక్షలయ్యాక హేచరీలకి పంపుతారు. టైగరుకి మాకు అలాంటి తల్లి దొరికుంటే 94లో అంతగా మునిగేవాళ్లం కాదు. బయటి నుంచి వచ్చిన మేలు ఏంటంటే నేను ఇది చెప్తాను, ఒప్పుకోవాలి. ఇంకోమాట కూడా ఒప్పుకోవాలి. ఇవాళ మీ చెరువులో పిల్లకి అమ్మమ్మ ఊరు అమెరికా, తినేవాడి ఊరు అమెరికా. మనవి నీళ్లు, కరెంటు, నిద్రలేని రాత్రులు.

---

మొగల్తూరు_శాంతి | 12 అక్టోబర్ 2025, ఉదయం 8:40

పెద్దలందరూ రేటు గురించే మాట్లాడుతున్నారు. నీళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు.

మా ఇంటి బావిలో నీళ్లు మా అత్తగారు కాపురానికొచ్చినప్పుడు తాగేవారట. ఇప్పుడు అంట్లు తోమడానికి కూడా పనికిరావు, నురగ రాదు. ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటాం. చుట్టూ చెరువులొచ్చాక ఊట దిగి మా వరి చేను అంచుల్లో చౌడు తేలింది. మేం చెరువు వెయ్యలేదు, మాకు డాలరు రాలేదు. పక్కవాళ్లంతా తవ్వేశాక ఆఖరికి మేమూ లీజుకిచ్చేశాం, వేరే దారి లేక. ఇప్పుడు లెక్కల్లో మేం కూడా లాభపడ్డవాళ్లమే!

2017 మార్చిలో మా మొగల్తూరు దగ్గర ఒక ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చెయ్యడానికి దిగి విషవాయువుకి ఐదుగురు చనిపోయారు. అంతకుముందు నుంచే భీమవరం దగ్గర తుందుర్రులో ఆడవాళ్లు రోడ్డు మీద కూచుని ఆక్వా ఫుడ్ పార్కు వద్దంటే, అభివృద్ధికి అడ్డుపడుతున్నారని అన్నవాళ్లున్నారు. 2016లో అక్కడ 144 సెక్షన్ కూడా పెట్టారు.

అలాగని ప్లాంట్లు మూసెయ్యమని నేననను. మా వదిన పీలింగ్ షెడ్డుకెళ్తుంది. ఐసులో చేతులు పెట్టి నిలబడి రొయ్యలు వొలవాలి, సాయంత్రానికి వేళ్లు తెల్లగా నాని ముడతలు పడిపోతాయి. అయినా వెళ్తానంటుంది. వరికోతలప్పుడు కూలి ఏడాదికి కొన్నాళ్లే ఉండేది, ఆ డబ్బు కూడా అన్నయ్య చేతికే వెళ్లేది. ఇప్పుడు ఆమె పేరు మీద బ్యాంకులో పడుతుంది. ఆగస్టు తర్వాత షిఫ్టులు తగ్గించేశారు, వారంలో కొన్ని రోజులే పిలుస్తున్నారు. వర్మగారు ఆగలేనిది తానొక్కడే అన్నారు. చెరువుగట్టు దాటి కూడా మనుషులున్నారండి.

---

డాలస్_మూర్తి | 12 అక్టోబర్ 2025, ఉదయం 9:15

ఇక్కడ మా ఫ్రీజరులో ఉన్న సంచి మీద "ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా" అని ఉంటుంది. వొలిచి, నరం తీసి, తోక ఉంచి, కడిగి పెట్టినవి. మా ఆవిడ శాంతిగారి పోస్టు చదివి "ఈ తోక దగ్గర కోసింది వాళ్ల వదినేనేమో" అంది.

ఇటువైపు కథ కూడా ఒక ముక్క. అమెరికాలో తినే రొయ్యల్లో తొంభై శాతం పైన దిగుమతే. లూసియానా, టెక్సస్ తీరాల్లో పడవలేసుకుని రొయ్యలు పట్టేవాళ్లు మన చెరువు రొయ్య ధరకి అమ్మలేక నలిగిపోయారు. 2003 చివర్లో అక్కడి రొయ్యల పడవలవాళ్ల సంఘం, సదరన్ ష్రింప్ అలయన్స్ వాళ్లే ఇండియా, చైనా, వియత్నాం, థాయ్‌లాండ్, ఈక్వడార్, బ్రెజిల్‌ల మీద యాంటీ డంపింగ్ కేసు వేశారు. డాక్స్ గారు చెప్పిన సుంకం మొదలు అక్కడే. మీరు ట్రంపుని తిడుతుంటే వాళ్లు జెండాలు ఊపుతున్నారు. వాళ్లూ మీలాగే డీజిలు బిల్లు చూసి భయపడే జనమే.

---

నరసాపురం_అల్లిక | 12 అక్టోబర్ 2025, మధ్యాహ్నం 2:30

శాంతీ, నీ మాటకి నాదో జత.

రొయ్య నిన్నగాక మొన్న వచ్చింది. మేం లేసువాళ్లం, మా అమ్మమ్మ వాళ్లమ్మ కాలం నుంచీ విదేశాలకే అల్లుతున్నాం. 19వ శతాబ్దంలో మిషనరీలు మా వైపు ఆడవాళ్లకి క్రోషే నేర్పారు. అప్పటి నుంచీ అరుగు మీద కూచుని అల్లిన డాయిలీలు, బల్లగుడ్డలు ఓడలెక్కి పోతూనే ఉన్నాయి. ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుస్తారో మాకెప్పుడూ తెలియదు.

వర్మగారు చెప్పిన ఆగడం గురించి నాకొకటి తోచింది. లేసు ట్రంకుపెట్టెలో ఏళ్లు ఆగుతుందండి. మేత అడగదు, తేలిపోదు. అయినా మేం ఎప్పుడూ ఆగలేకపోయాం. ఎంచేతంటే దారం మాది కాదు. ఏజెంటు కండె తెచ్చి ఇస్తాడు, తూకం వేసి. అల్లిన ముక్క తూకం వేసి తీసుకెళ్తాడు, ఎంత దారానికి ఇంత అని కూలి ఇస్తాడు. మాసిందనో ముడి కనపడిందనో కొంత కోత. చైనా మిషను లేసు వచ్చాక "ఈ రేటుకి ఇష్టమైతే అల్లు, లేదంటే దారం వెనక్కివ్వు" అన్నాడు. అల్లాం.

2024లో నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఊరికి పేరొచ్చింది, సంతోషమే. మా కూలి మాత్రం అక్కడే ఉంది. ఈ సుంకాలతో ఆర్డర్లు ఆగాయని మా ఏజెంటూ చెప్తున్నాడు. నిజమో, కూలి తగ్గించడానికి వంకో.

---

జగిత్యాల_మల్లన్న | 12 అక్టోబర్ 2025, సాయంత్రం 6:48

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా దిక్కు రొయ్యలు లేవు, దుబాయ్ ఉన్నది. వీసాకని ఏజెంటుకు పైసలు కట్టేది అప్పు తెచ్చే గదా. ఆడికి పోయినంక చెప్పిన జీతం ఇయ్యకున్నా, చెప్పిన పని గాకున్నా వాపస్ రాలేం. మిత్తి ఇంటికాడ పెరుగుతుంటది. గట్లని మా ఊర్ల స్లాబు ఇండ్లన్నీ గల్ఫ్ పైసలతోటి కట్టినయే, అది గూడ అబద్ధం గాదు. అప్పు లేకుండ పోయినోడు బాగుపడ్డడు, అప్పుతోటి పోయినోడు అప్పు తీర్చెటందుకు పోయినట్టయింది.

---

ఉండి_వర్మ | 12 అక్టోబర్ 2025, రాత్రి 9:02

నరసాపురం అక్కగారూ, మల్లన్నా, మీ ఇద్దరి మాటా పొద్దున్నుంచీ బుర్రలో తిరుగుతోంది. దారం మాది కాదు అన్నారు చూడండి, నా చెరువులో మేత కూడా నాది కాదండి. డీలరు అరువు మీద దింపుతాడు. నగదు ఇచ్చేవాడికి ఒక రేటు, అరువువాడికి ఒక రేటు. పట్టుబడి రోజు లారీ దగ్గర నాకన్నా ముందు ఆయన గుమస్తా నిలబడి ఉంటాడు. చాలాచోట్ల రొయ్య కొనే ఏజెంటుకీ మేత డీలరుకీ లోపాయికారీ ఉంటుంది, ఆ లారీకే ఎక్కించాలి. కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో చూసేటప్పుడు కూడా అంతే. రెండు గుప్పెళ్లు తీసి లెక్కపెట్టి, మెత్తపెంకువి ఏరి పక్కన పెట్టి, యాభై కౌంటు అనుకున్నది యాభై ఐదు అంటాడు. కాదని మళ్లీ చెరువులో వెయ్యగలమా?

రేటు పడ్డప్పుడు నగదుతో వ్యవసాయం చేసేవాళ్లు సీడు (రొయ్య పిల్ల) వెయ్యడం మానేసి ఊరుకున్నారు. మాలాంటోళ్లు పాత బాకీ తీర్చడానికి మళ్లీ వేశారు. కాబట్టి డాక్స్ గారూ, ఏప్రిల్లో మీవాళ్లది భయమే అనుకుందాం. ఆ భయం ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో అది చెప్పండి.

---

డాక్స్_విశాఖ | 12 అక్టోబర్ 2025, రాత్రి 9:40

రైతు ఖాతాలోనే పడింది. కాదనను. ఐతే ప్లాంటువాళ్ల చేతిలోనూ పూర్తిగా లేదు, ఎందుకంటే ఎదురుగా ఈక్వడార్ ఉంది. వాళ్ల మీద ఈ ఆగస్టులో పడిన కొత్త సుంకం 15 శాతమే. అమెరికాకి దగ్గర, కరెన్సీయే డాలరు కాబట్టి మారకం బెంగ లేదు. పెద్ద పెద్ద చెరువుల్లో పలచగా వేస్తారు, అందుకే తెగుళ్ల ఖర్చు తక్కువ. మనం 58 మీద వాళ్లతో ఎలా పోటీపడతాం? మనకున్న పట్టు ఒక్కటే, వొలిచి శుభ్రం చేసి ఇచ్చే పని. అంటే శాంతిగారి వదిన చేతి పని. అది కూడా వాళ్లు నేర్చుకుంటున్నారు.

2024-25లో దేశం మొత్తం మీద 62 వేల కోట్ల పైచిలుకు సీఫుడ్ ఎగుమతైతే, అందులో ఒక్క ఫ్రోజెన్ రొయ్యలే 43 వేల కోట్లు. దేశపు రొయ్యల్లో సింహభాగం ఆంధ్రాదే. ఇంత పెద్ద సరుకుని ప్రధానంగా ఒక్క దేశాన్ని నమ్ముకుని పెంచాం. నా దృష్టిలో తప్పు గ్లోబలైజేషన్‌ది కాదు, ఒక్క దుకాణానికే అమ్మడం తప్పు. అది గ్లోబలైజేషన్ సగమే.

---

శేరిలింగంపల్లి_రవి | 12 అక్టోబర్ 2025, రాత్రి 10:10

అదే నేననేది. యూరప్ ఉంది, ఇంగ్లండ్ ఉంది, మన హైదరాబాదే ఉంది. ఇక్కడ రొయ్యలు కొనాలంటే మటన్‌తో పోటీ పడే రేటు. అక్కడ చెరువు దగ్గర రేటు లేదంటారు. మధ్యలో ఎవరు తింటున్నారు?

---

డాక్స్_విశాఖ | 12 అక్టోబర్ 2025, రాత్రి 10:36

మధ్యలో ఐసు, లారీ, కమిషను, మిగిలిపోయి పారేసేది, అన్నీ తింటాయి. లోకల్ మార్కెట్‌కి సరుకు చెడకుండా చల్లగా చేర్చే ఏర్పాటు (కోల్డ్ చైన్) లేదు రవిగారూ, ఎగుమతికే కట్టుకున్నాం.

ఇంగ్లండ్‌తో ఒప్పందం జులై 24న సంతకమైంది. అమల్లోకి వస్తే రొయ్యల మీద అక్కడి సుంకం సున్నా. యూరప్ గత నెలలో మన యూనిట్లు ఇంకో 102 కి అనుమతిచ్చింది, మంచి వార్తే. ఐతే యూరప్‌వాళ్లు యాంటీబయాటిక్ అవశేషాల దగ్గర గట్టిగా ఉంటారు. 2016 నుంచి మన కంటైనర్లలో సగం తీసి పరీక్ష చేస్తున్నారు. ఒక్క చెరువులో ఎవరో నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్ వాడితే కంటైనరంతా వెనక్కి. కాబట్టి వర్మగారూ, యూరప్‌కి పోవాలంటే మందుల షాపువాడు ఇచ్చే పేరులేని డబ్బా ముందు మానాలి.

---

పాతటైగర్ | 13 అక్టోబర్ 2025, ఉదయం 5:58

ఆ డబ్బా కూడా మేత డీలరే అరువు మీద ఇస్తాడు, డాక్స్ బాబూ. వద్దంటే మేత ఆగుద్ది.

వర్మగారూ, చలికాలం వస్తోంది, తెల్లమచ్చకి ఇదే కాలం. ఈక్వడార్ సంగతి విన్నారుగా. చదరపు మీటరుకి 60 పిల్లల దాకా నిబంధనలు ఒప్పుకుంటాయి కదా అని 60 వెయ్యక్కర్లేదు. సగం వెయ్యండి. రొయ్య పెద్దదొస్తది, మేత అరువు సగమవుద్ది. లీజు చెరువులు ఈ పంటకి ఖాళీ పెట్టండి.

---

ఉండి_వర్మ | 13 అక్టోబర్ 2025, ఉదయం 7:25

లీజు ముందే కట్టేశానండి, ఖాళీ పెడితే అదీ నష్టమే. సొంత వాటిలో పలచగా వనామీ, లీజు వాటిలో పండుగప్ప చేప వేద్దామనుకుంటున్నాను. దానికి అమెరికా అక్కర్లేదు, మన ఫంక్షన్లవాళ్లే కొంటారు. పిల్ల దొరకాలంతే. ముందు పాత నీళ్లు తీసి ఎండబెట్టాలి.

---

మొగల్తూరు_శాంతి | 13 అక్టోబర్ 2025, ఉదయం 7:50

వర్మగారూ, ఆ పాత నీళ్లు ఎందులోకి వదులుతున్నారు?

---

ఉండి_వర్మ | 13 అక్టోబర్ 2025, ఉదయం 8:03

మురుగు కాలవలోకేనండి. పంట కాలవలోకి వదలం.

---

పాతటైగర్ | 13 అక్టోబర్ 2025, ఉదయం 8:15

ఎండాకాలం నీళ్లు చాలనప్పుడు ఆ మురుగు కాలవకే మోటార్లు పెట్టి వరికి తోడుతారు, వర్మగారూ, మీకు తెలియంది కాదు. బ్లీచింగ్ కొట్టి, కొన్నాళ్లు చెరువులోనే ఆపి, అప్పుడు వదలండి. తూము దగ్గర వల కూడా కట్టండి, చచ్చిన రొయ్య ఒక్కటి పక్క చెరువుకి పోయినా మళ్లీ మీకే చుట్టుకుంటది.